తాబేలు తలపు, మొసలి నోరు

చేప చూపుతో, తాబేలు తలపుతో, పక్షి స్పర్శతో పిల్లల్ని సాకుతాయని పాత మాట ఒకటి ఉంది. గురువు శిష్యుణ్ణి ఎన్ని రకాలుగా తీర్చిదిద్దుతాడో చెప్పడానికి ప్రవచనాల్లో వాడుతుంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు జంతువులను బాగానే గమనించారనిపిస్తుంది. సముద్రపు తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, మళ్లీ ఆ గూటి ముఖం చూడదు. యాభై రోజులు గడిచాక పిల్లలు వాటంతటవే ఇసుక తోసుకుని బయటపడతాయి. తల్లి దగ్గర లేకుండా ఇదెలా సాధ్యం? ఎక్కడో నీళ్లలో ఉండి తలుచుకుంటోంది కాబట్టి, అని సమాధానం చెప్పుకున్నారు.

నిజానికి గుడ్లను పొదిగింది తలపు కాదు, ఇసుక. తల్లి చేయగలిగినదంతా ఒడ్డున గడిపిన ఆ గంటలోనే చేసేసి వెళ్లింది. అలలు అందని ఎత్తుకు పాక్కుంటూ వస్తుంది. ముందు రెక్కలతో పై పొడి ఇసుకను చిమ్మి ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుంటుంది. వెనక రెక్కలను దోసిలిలా వంచి, ఒకటి తర్వాత ఒకటిగా ఇసుక తోడి, అడుగున వెడల్పుగా మెడ దగ్గర ఇరుకుగా ఉండే కూజాలాంటి గుంట తవ్వుతుంది. ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్రపు తాబేలైతే గుంట లోతు సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్లు, గుడ్లు నూరు పైచిలుకు. గుంట పూడ్చాక రిడ్లేలు ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్ట చిప్పతో ఇసుకను దిమ్మిస కొట్టినట్టు అణగగొడతాయి. చివర్లో చుట్టూ ఇసుక చిమ్మి గుంట ఎక్కడుందో తెలియకుండా చెరిపేస్తాయి.

ఇందులో ఏ ఒక్కటి తప్పినా నష్టమే. మరీ దిగువన పెడితే పోటు నీళ్లు గూటిలో నిలిచి గుడ్లకు గాలి అందదు. మరీ పైన మొక్కల్లో పెడితే వేళ్లు గుడ్లలోకి దిగుతాయి. లోతు తగ్గితే పగటి ఎండ, రాత్రి చలి రెండూ గుడ్లను తాకుతాయి. అర మీటరు లోతున ఆ ఎగుడుదిగుళ్లు చాలా తక్కువ. అక్కడి వేడిని బట్టే పిల్లలు ఆడవో మగవో తేలుతుంది. 27.7 డిగ్రీల లోపైతే మగవి, 31 దాటితే ఆడవి, మధ్యలో రెండూ కలిసి.

మరి కాపలా ఎందుకు ఉండదు? నేల మీద సముద్రపు తాబేలు వల్ల అయ్యే పని ఏమీ లేదు కాబట్టి. దాని ఒంటి వేడి గుడ్లకు చాలదు. నక్కనో కుక్కనో తరమలేదు. ఎండ ఎక్కితే తానే చస్తుంది. అదే సమయాన్ని నీళ్లలో గడిపితే మళ్లీ గుడ్లు తయారవుతాయి. చాలా జాతులు ఒకే కాలంలో సుమారు రెండు వారాలకోసారి ఒడ్డుకొచ్చి పలుమార్లు గుడ్లు పెడతాయి. కూర్చుంటే వచ్చేది సున్నా, వెళ్తే ఇంకో నూరు గుడ్లు. ఏ జంతువు పిల్లల్ని చూసుకుంటుంది, ఏది చూసుకోదు అని అడిగే ముందు నేను చూసేది ఈ లెక్కనే: ఆ ఒంటితో, ఆ చోట, గుడ్డుకు పనికొచ్చే పని ఏదైనా చేయగలదా? చేయగలిగితే ఉంటుంది, లేకపోతే పోతుంది. ప్రేమ గురించి మాట్లాడటానికి మన దగ్గర కొలమానం లేదు, పని గురించి మాట్లాడటానికి ఉంది.

తాబేళ్లన్నీ వదిలేసి పోయేవే అనుకోవడం కూడా పొరపాటే. అమెజాన్ నదుల్లో ఉండే పెద్ద నది తాబేలు, శాస్త్రనామం పోడోక్నెమిస్ ఎక్స్‌పాన్సా, గుడ్లు పెట్టాక ఆ ఇసుక దిబ్బల ముందే నీళ్లలో ఉండిపోతుంది. పిల్లలు గుడ్డులో ఉండగానే సన్నగా శబ్దం చేస్తాయి. నీళ్లలోకి దిగిన పిల్లలు, పెద్ద ఆడ తాబేళ్లు ఒకదానికొకటి పలుకుతూ, కలిసి వరద అడవుల వైపు సాగిపోతాయని నీటి అడుగున మైకులు పెట్టి విన్నవాళ్లు 2013 ప్రాంతంలో బయటపెట్టారు. అంతవరకు తాబేలు మూగదని, ఒంటరిదని పాఠాల్లో ఉండేది. ఆసియా అడవుల్లోని మనోరియా ఎమిస్ అనే తాబేలు ఆకులు పోగేసి గుట్ట కట్టి, కొన్నాళ్లు దాని మీదే ఉండి, వచ్చినవాటిని ఒంటితో తోసి తరుముతుంది.

ఇక మొసలి. సరీసృపాల్లో పిల్లల పెంపకం అంటే ముందు చెప్పుకోవాల్సింది దీని గురించే. అందరికంటే ఎక్కువ నిందపడ్డదీ ఇదే. నోట్లో పిల్లలతో నీళ్లలోకి దిగుతున్న మొసలిని చూసి, కన్నపిల్లల్నే మింగేస్తోందని చాలాకాలం నమ్మారు. పళ్ల మధ్యనుంచి తోకలు వేలాడుతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. 1970లలో నైలు మొసళ్లను దక్షిణాఫ్రికాలో దగ్గరనుంచి రోజుల తరబడి చూశాకే అసలు సంగతి లోకానికి నమ్మకంగా తెలిసింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటాం కదా, ఇదీ అదే పని, కాకపోతే తిప్పేది ఒక్కసారే, గూటినుంచి నీళ్లకు.

మొసళ్ల గూళ్లు రెండు రకాలు. నైలు మొసలి, మన నదుల్లో చెరువుల్లో ఉండే మగ్గర్ మొసలి, సన్నటి మూతి ఉండే ఘరియల్ ఒడ్డున గుంట తవ్వి పూడుస్తాయి. మొసలి జాతికి దగ్గరి బంధువైన అమెరికా ఎలిగేటర్, ఉప్పునీటి మొసలి గడ్డీ ఆకులూ మట్టీ పోగేసి గుట్ట కడతాయి. ఎలిగేటర్ గుట్ట రెండు మీటర్ల వెడల్పు, మీటరుకు కాస్త తక్కువ ఎత్తు ఉంటుంది. కుళ్లే ఆకు వేడి, ఎండ వేడి కలిసి గుడ్లను పొదుగుతాయి. 35 నుంచి 50 గుడ్లు, సుమారు 65 రోజులు. ఇక్కడ కూడా ఆడా మగా తేల్చేది వేడే, కానీ లెక్క తాబేలుకు భిన్నం. 30 డిగ్రీల దగ్గర అన్నీ ఆడవి, 33 దగ్గర దాదాపు మగవి, ఇంకా పైకి పోతే మళ్లీ ఆడవి. పొదిగే కాలమంతా ఇది వర్తించదు, నడిమి మూడో వంతు రోజుల్లో ఉన్న వేడే నిర్ణయిస్తుంది. మొదటి వారంలో రెండు రోజులు చలేస్తే పిల్లలన్నీ ఒకే రకమవుతాయని అనుకోనక్కర్లేదు.

ఈ రోజులన్నీ తల్లి గూటి దగ్గరే ఉంటుంది. నైలు మొసలికైతే మూడు నెలలు దగ్గర దగ్గర ఉపవాసమే. ప్రధాన శత్రువు ఉడుము. తల్లి మీదికి అది రాదు, తల్లి లేచే క్షణం కోసం కాచుకుని ఉంటుంది. ఒళ్లు వేడెక్కి నీళ్లలోకి దిగినప్పుడో, పడవ దగ్గరగా వచ్చి బెదరగొట్టినప్పుడో పది నిమిషాలు చాలు. తీరిగ్గా ఫొటోలు తీయడానికి పడవను ఒడ్డుకు చేర్చేవాళ్లకు ఇది తెలియాలి. గుడ్లకు హాని చేసేది వాళ్లు కాదు, వాళ్లు లేపిన తల్లి ఖాళీ చేసిన ఆ చోటు.

పొదగడం పూర్తయ్యేవేళకు గుడ్లలోంచి పిలుపు మొదలవుతుంది. పిట్ట గొంతులో కప్ప కలిసినట్టుండే పొట్టి శబ్దం. ఇది తల్లికి మాత్రమే కాదు, పక్క గుడ్లకు కూడా. 2008లో అచ్చయిన ప్రయోగాల్లో ఆ పిలుపును రికార్డు చేసి వినిపిస్తే గుడ్లలోని మిగతా పిల్లలు బదులు పలికి పెంకు పగలగొట్టడం మొదలుపెట్టాయి. ఉత్త చప్పుడు వినిపిస్తే అంతగా స్పందించలేదు. అదే పిలుపుకు తల్లులు గూడు తవ్వాయి. అన్నీ ఒకేసారి పొదగాల్సిన అవసరం ఎందుకంటే, తల్లి గూడు తెరిచేది ఒక్కసారే. ముందు పుట్టింది ఎండిన మట్టికింద ఊపిరాడక పోతుంది, ఆలస్యమైంది తెరిచిన గూట్లో ఉడుముకు దొరుకుతుంది. గుంట పైన మట్టి ఎండకు గట్టిపడి ఉంటుంది కాబట్టి తల్లి రాకపోతే చాలా గూళ్లలో పిల్లలు బయటికే రాలేవు.

తవ్వాక తల పక్కకు వంచి, పిల్లలను ఒక్కొక్కటిగా పళ్ల మధ్యకు తీసుకుంటుంది. నాలుక కిందికి వాలి దవడ అడుగున సంచిలా పల్లం ఏర్పడుతుంది, అందులో పది పన్నెండు పిల్లలు కూడా పడతాయి. పగలని గుడ్డు మిగిలితే నాలుకకు, అంగిలికి మధ్య దొర్లించి పెంకు చిట్లేలా నొక్కుతుంది. అడవి దున్న తొడ ఎముకను విరిచే దవడే ఇదీ. నీటి అంచున నోరు తెరిచి తల ఆడిస్తే పిల్లలు ఈదుకుంటూ పోతాయి. మగ్గర్ మొసళ్లలో ఈ మోత పని మగది కూడా చేయడం నమోదైంది.

తర్వాత తిండి పెట్టడం ఉండదు. పిల్లలకు మొదటి రోజులు కడుపులో మిగిలిన పచ్చసొన చాలు. ఆపై పురుగులు, చిరు చేపలు వాటంతటవే పట్టుకుంటాయి. తల్లి చేసేది కాపలా. ఆపద పిలుపు వినగానే దూసుకొస్తుంది. కొంగలు, గద్దలు, పెద్ద చేపలు, ఇతర మొసళ్లు అన్నీ శత్రువులే. ఎలిగేటర్ పిల్లలు ఏడాది, కొన్నిసార్లు రెండో ఏడు కూడా తల్లి పరిసరాల్లోనే గుంపుగా ఉంటాయి.

ఘరియల్ మూతి సన్నటి కర్రలా ఉంటుంది కాబట్టి పిల్లల్ని నోట కరిచి మోయలేదు. గూడు తవ్వి పిల్లల్ని బయటికి తెస్తుంది, నీళ్లకు అవే నడుస్తాయి. కానీ ఆ తర్వాతి ఏర్పాటు మొసళ్లలో ఎక్కడా లేనంత పెద్దది. చంబల్ నదిలో ఎన్నో గూళ్ల పిల్లలు ఒకేచోట చేరతాయి, వందల సంఖ్యలో. ముక్కు మీద కుండలాంటి బుడిపె ఉన్న పెద్ద మగ ఘరియల్ ఆ గుంపుకు కాపలా ఉంటుంది. దాని వీపు మీదికెక్కి ఎండ కాగే పిల్లలతో ఆ వీపు కనిపించదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇసుక దిబ్బల్లో పెట్టిన గుడ్లు వానలకు ముందే పొదుగుతాయి. తర్వాత వరద వచ్చి చాలా పిల్లల్ని కొట్టుకుపోతుంది. ఎగువన అకాలంగా నీళ్లు వదిలితే గూళ్లే మునుగుతాయి, దిబ్బలు తవ్వి ఇసుక తరలిస్తే గూటికి చోటే ఉండదు. మన దేశంలో 1975లో మొదలైన మొసళ్ల పునరుద్ధరణలో గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని సుమారు 1.2 మీటర్ల పొడవు దాకా పెంచి నదిలో వదిలారు. పక్షికి, చేపకు దొరకని సైజు అది. ఆ పద్ధతి తల్లీతండ్రీ చేసే కాపలాకు బదులు తొట్టిని పెట్టింది. దిబ్బ లేని నదిలో మాత్రం ఆ పెరిగిన ఘరియల్ కూడా గూడు కట్టలేదు.

గుడ్లు చేత్తో ముట్టే పని ఉన్నవాళ్లకు, అంటే అనుమతితో పనిచేసే సంరక్షణ కేంద్రాలవాళ్లకు, జంతుప్రదర్శనశాలవాళ్లకు, ఒక్క విషయం మిగతా అన్నింటికంటే ముఖ్యం. కోడిగుడ్డును తిప్పాలి, మొసలి గుడ్డును తిప్పకూడదు. పక్షి గుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే మెలితిరిగిన తెల్లటి తాళ్లుంటాయి. గుడ్డు తిరిగినా పిండం పైకి వస్తుంది. తిప్పకపోతే పిండం పొరకు అతుక్కుపోతుంది. అందుకే కోడి రోజూ ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది, ఇంక్యుబేటర్‌లోనూ 18వ రోజు దాకా రోజుకు కొన్నిసార్లు తిప్పి, ఆఖరి మూడు రోజులు ఆపేస్తారు. మొసలి, తాబేలు గుడ్లలో ఆ తాళ్లు లేవు. పెట్టిన కొన్ని గంటల్లో పిండం పెంకు లోపలి పొర పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత తలకిందులు చేస్తే అతుకు తెగుతుంది, లేదా పచ్చసొన బరువు పిండం మీద పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు, నెలన్నర తర్వాత గుడ్డు కుళ్లిందని తెలుస్తుంది.

కాబట్టి మట్టి తీయగానే, గుడ్డు కదపకముందే, పైభాగాన మెత్తటి పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఇంకు పెన్ను వద్దు. పెంకుకు గాలి రంధ్రాలుంటాయి. గూటి ఇసుకనే అడుగున పరిచి, గీత ఆకాశం వైపే ఉండేలా, కుదుపు లేకుండా తేవాలి. సముద్రపు తాబేలు గుడ్లను తరలించక తప్పకపోతే పెట్టిన ఆరు గంటల్లోపు పూర్తికావాలి. కొత్త గుంట పాతదానంత లోతు, అదే కూజా ఆకారం, గూటికీ గూటికీ మీటరు ఎడం. గుంటలు పక్కపక్కన కుక్కితే గుడ్ల సొంత వేడి కలిసి ఇసుక మరీ వేడెక్కుతుంది, పిల్లలన్నీ ఆడవే అవుతాయి లేదా చస్తాయి. పెట్టెలో పొదిగించేటప్పుడు వర్మిక్యులైట్‌ను (తడి పట్టి ఉంచే ఖనిజపు పలుకులు), నీళ్లను బరువులో సమానంగా కలిపి, పిడికిట పిండితే చుక్క కారని తడికి తెచ్చి, గుడ్లను సగం దాకా పాతాలి. థర్మామీటరు మొన గుడ్డు ఎత్తున ఉండాలి, మూత దగ్గర కాదు. రెండింటికీ రెండు డిగ్రీల తేడా వస్తే ఆడా మగా లెక్కే మారిపోతుంది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా గుడ్ల మీద పడకూడదు. మెత్తటి పెంకు గుడ్లు సొట్టబోతున్నాయంటే తేమ తగ్గినట్టు, చుట్టూ కాస్త నీళ్లు చేర్చాలి, గుడ్డు మీద పోయకూడదు.

పెంకు చీలాక తొందరపడి పిల్లను లాగేవాళ్లు ఉంటారు. చీల్చాక కూడా పిల్ల ఒక రోజు, రెండు రోజులు అందులోనే కూర్చుని మిగిలిన పచ్చసొనను కడుపులోకి పీల్చుకుంటుంది. అప్పుడు లాగితే బొడ్డు దగ్గర నెత్తురు కారి చస్తుంది.

పాముల దగ్గరికొస్తే పని మారుతుంది. పాముకు చేతుల్లేవు, మోయలేదు, కానీ చుట్టుకోగలదు. కొండచిలువ గుడ్లు పెట్టగానే వాటిని ఒక కుప్పగా చేర్చి, వాటి చుట్టూ చుట్టలు చుట్టి, పైన తల పెట్టుకుంటుంది. గుడ్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. అలా అంటుకున్నవాటిని విడదీస్తే పెంకు చిరుగుతుంది, ముద్దను ముద్దగానే ఉంచాలి. భారత కొండచిలువ ఇంకో అడుగు ముందుకేసి వణుకుతుంది. కండరాలను ఆగి ఆగి బిగిస్తూ కుదుపుతుంది, చలి పెరిగేకొద్దీ ఆ కుదుపులు పెరుగుతాయి. చల్లని రక్తం జీవి తనంతట వేడి పుట్టించుకుంటుందంటే పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొదట నమ్మలేదు. 1841లో ప్యారిస్‌లో పొదుగుతున్న పాము మీద వాలెన్సియెన్ అనే శాస్త్రజ్ఞుడు థర్మామీటరు పెట్టాక మాట మారింది. 1966లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో కొలిచినప్పుడు, చుట్టూ 25 డిగ్రీల చలి ఉన్నప్పుడు పొదిగే తల్లి వాడే ప్రాణవాయువు, పొదగని పాము వాడేదానికి సుమారు తొమ్మిది రెట్లుంది. గుడ్లకు కావాల్సింది 31, 32 డిగ్రీలు. 27, 28కి పడిపోయి అలాగే ఉంటే పిల్లలు లోపాలతో పుడతాయి, ఇంకా తగ్గితే పిండాలే దక్కవు. రెండు నెలలు తిండి లేకుండా ఆ వేడి పుట్టించడమంటే తల్లి తన కొవ్వును, కండను కరిగించి గుడ్లకు పోయడమే.

కొండచిలువలన్నీ వణకవు. బాల్ పైథాన్ చుట్టుకుంటుందే తప్ప వేడి పుట్టించదు. దాని చుట్టలు గుడ్లను ఎండిపోకుండా కాపాడతాయి. దక్షిణాఫ్రికా కొండచిలువ వణకకుండానే వేడి తెస్తుంది, అదెలాగో 2018లో అచ్చయిన అధ్యయనం వివరంగా చెప్పింది. ఆర్డ్‌వార్క్ అనే చెదలు తినే జంతువు తవ్విన బొరియలో గుడ్లు పెట్టి, పగలు బయటికొచ్చి ఎండలో పడుకుని, ఒళ్లు ప్రాణం మీదికొచ్చేంత వేడెక్కాక, 40 డిగ్రీల దగ్గర, లోపలికెళ్లి గుడ్లను చుట్టుకుంటుంది. ఆ కాలంలో దాని చర్మం నల్లబడుతుంది. నలుపు ఎండను బాగా పీలుస్తుంది. పిల్లలు పుట్టాక కూడా దాదాపు రెండు వారాలు అక్కడే ఉంటుంది. పగలు బొరియ నోటి దగ్గర ఎండ కాగిన పిల్లలు రాత్రికి తల్లి చుట్టల్లో దూరతాయి. గుడ్లు పెట్టే పాము పిల్లల్ని కూడా చూసుకుంటుందని అంత స్పష్టంగా తెలిసింది అప్పుడే. ఆ తర్వాత తల్లి బక్కచిక్కి, వెంటనే మరుసటి ఏడు గుడ్లు పెట్టే స్థితిలో ఉండదు.

రాచనాగు చేసేది వేడి పుట్టించే పని కాదు, గూడు కట్టే పని. ఒంటిని వంకీలా వంచి ఎండుటాకులను దగ్గరికి లాక్కుంటూ గుట్ట చేస్తుంది. పాముల్లో ఇలా గూడు కట్టేది ఇదొక్కటే. లోపల 20 నుంచి 40 గుడ్లు, వాన పడినా నీళ్లు జారిపోయేలా పైన బిగించి పరిచిన ఆకులు. రెండు నుంచి మూడు నెలలు గూటి మీదో పక్కనో ఉంటుంది. పిల్లలు బయటపడే ముందు వెళ్లిపోతుంది. పాములను తినే పాము కదా, పుట్టిన పిల్లలు దానికి ఆహారంలా కనిపించకుండా ఉండటానికే ఇలా అని అంటారు. వినడానికి బావుంది, కానీ ఒక పాము ఎందుకు కదిలిందో దాని తరఫున మనం చెప్పడం కంటే, కదిలిందని నమోదు చేయడం మేలు. గూడు ఉన్న సంగతి తెలిస్తే చేయాల్సింది దూరం పాటించడం. తల్లిని పట్టి వేరేచోట వదిలితే అది అక్కడ ఒక్కతే, ఇక్కడ గుడ్లు అడవిపందికి. పిల్లలు అర మీటరు పొడవుతో, పుట్టుకతోనే విషంతో వస్తాయి. గూడు పక్కనే కాలిబాట ఉంటే పొదిగే వారంలో బాటనే మార్చుకోవాలి.

తోకను గిలక్కాయలా మోగించే రాటిల్ స్నేక్‌లు నేరుగా పిల్లల్ని కంటాయి. తల్లి అవి మొదటి కుబుసం విడిచేదాకా, వారం నుంచి రెండు వారాలు, పక్కనే ఉంటుంది.

బల్లుల్లో చాలావరకు గుడ్లు పెట్టి మట్టి కప్పి వెళ్లేవే. నలికిరి కుటుంబంలో మాత్రం చూడదగ్గవి ఉన్నాయి. అమెరికా ఖండపు ఐదు చారల నలికిరి కుళ్లిన దుంగ కింద గుడ్ల చుట్టూ ఒళ్లు చుట్టి నెల పైనే ఉంటుంది. చెదిరిన గుడ్డును ముక్కుతో తోసి దగ్గరికి చేరుస్తుంది, పాడైనదాన్ని తినేస్తుంది. తైవాన్‌కు చెందిన లాన్యూ దీవిలో పొడవు తోక నలికిరి, గుడ్లు తినే పాము వస్తే మీదపడి కరుస్తుంది. పాము మళ్లీ మళ్లీ వస్తుంటే ఓ దశలో తన గుడ్లను తానే తినేస్తుంది. క్రూరమని పేరు పెట్టేముందు లెక్క చూడండి. గుడ్లు ఎలాగూ పాము పాలు, వాటిలోని కొవ్వు తిరిగి ఒంట్లోకొస్తే వచ్చేసారి గుడ్లకు పనికొస్తుంది. ఆస్ట్రేలియా ఎడారి నలికిరి, లియోఫోలిస్ కింటోరై, కుటుంబంగా బతుకుతుంది. తల్లీ తండ్రీ వేర్వేరు ఈడు పిల్లలూ కలిసి తవ్విన సొరంగాలకు 20 దాకా ద్వారాలు, వాడుకకు విడిగా మరుగుదొడ్డి మూల, ఒకే ఇల్లు ఏడేళ్ల వరకు. ఇది 2011లో అచ్చయిన సంగతి.

పక్షులు స్పర్శతో పొదుగుతాయన్న మాటకు కూడా మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా మల్లీఫౌల్ మగపక్షి ఎలిగేటర్‌లాగే ఆకులూ ఇసుకా గుట్ట పోస్తుంది. ముక్కు లోపలికి గుచ్చి వేడి చూసి, ఎక్కువైతే పై ఇసుక తీసి, తక్కువైతే కప్పి, నెలల తరబడి 33, 34 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. ఇంత చేసి, ఇసుక తోసుకుని వచ్చిన పిల్లను మాత్రం పట్టించుకోదు. పిల్ల ఒక రోజులోనే ఎగురుతుంది. మొసలి గూటినీ పిల్లల్నీ రెండింటినీ చూస్తుంది, ఈ పక్షి గూటినే చూస్తుంది.

మొసలి మీద పడిన నిందలాంటిదే ఒక డైనోసార్ మీదా పడింది. 1923లో మంగోలియాలో గుడ్ల మీద దొరికిన అస్థిపంజరానికి మరుసటి ఏడు ఓవిరాప్టర్, అంటే గుడ్ల దొంగ, అని పేరు పెట్టారు. అలాంటి గుడ్డులోనే దాని కుటుంబానికి చెందిన పిండం 1993లో దొరికింది. గుడ్లు దానివే. పేరు మాత్రం నియమాల ప్రకారం అలాగే ఉండిపోయింది.

ఒంటిని ఎంతదాకా వాడుకోవచ్చో చూడాలంటే కప్పలు, ఆక్టోపస్‌లు. 1973లో ఆస్ట్రేలియాలో శాస్త్రానికి పరిచయమైన ఒక కప్ప గుడ్లను మింగి కడుపులోనే పెంచేది. గుడ్లు, తోకపిల్లలు విడుదల చేసే రసాయనం వల్ల జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం ఆగిపోయేది. ఆరేడు వారాలు తిండి మానేసి, తర్వాత పూర్తి రూపం వచ్చిన బుల్లి కప్పలను కక్కేది. సుమారు పదేళ్లలోనే ఆ జాతి అంతరించింది. ఆ జీర్ణాశయం రహస్యం పూర్తిగా విప్పే వీలు కూడా దాంతోనే పోయింది. కాలిఫోర్నియా తీరంలో 1,400 మీటర్ల లోతున ఒక ఆక్టోపస్ బండకు గుడ్లు అంటించి కూర్చోవడం 2007లో కెమెరాకు చిక్కింది. 2011లో వెళ్లినప్పుడు కూడా అదే తల్లి, అదే బండ. 53 నెలలు. అంతకాలంలో అది తింటూ కనిపించలేదు. ఆ చల్లని నీళ్లలో గుడ్లు అంత నెమ్మదిగా ఎదుగుతాయి, తల్లి వాటి మీద కొత్త నీళ్లు ఆడిస్తూ మట్టి పేరుకోకుండా చూస్తుంది.

ఇక చూపుతో పెంచే చేప. ఆ మాట అన్నవాళ్లు కొర్రమీనును చూసే అని ఉంటారని నా అనుమానం. గడ్డి తొలగించి చేసుకున్న మడుగులో గుడ్లు నీటిపైన తేలుతాయి, ఒకటి నుంచి మూడు రోజుల్లో పొదుగుతాయి. తల్లీ తండ్రీ కింద నిలబడి కాపలా. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైకి వచ్చి గాలి మింగి మళ్లీ దిగుతుంటాయి, నీళ్లు మరుగుతున్నట్టు కనిపిస్తుంది. పెద్ద చేప ఆ గుంపు కింద, కాస్త వెనగ్గా, గుంపు ఎటు కదిలితే అటు కదులుతూ ఉంటుంది. చాలా చేపల్లో కాపలా తండ్రిది. గుడ్లు ఒంటి బయట, మగది ఉన్న చోటే ఫలదీకరణం చెందుతాయి, ఆ చోటును అది ఎలాగూ కాస్తుంటుంది, ఇంకో ఆడది వచ్చినా అక్కడే గుడ్లు పెడుతుంది. కాబట్టి కాపలా వల్ల దానికి పోయేది తక్కువ.

కొర్రమీను వేటగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎర్రగుంపు కనిపించిన చోట మధ్యలోకి గాలం వేస్తే పెద్దది వెంటనే కొరుకుతుంది. అది తినడానికి కాదు, పిల్లల మధ్యలో పడ్డదాన్ని తరమడానికి. అలా రెండింటినీ పట్టేస్తే గుంపు గంటల్లో చెదిరి, పక్కన కాచుకున్న చేపలకు, కప్పలకు, కొంగలకు పోతుంది. పిల్లలు గుంపు విడిచి, ఎరుపు పోయి, ముదురు రంగుకు తిరిగేదాకా ఆ మడుగులో గాలం వేయకుండా ఉండటానికి పట్టేది కొన్ని వారాలు.